నోటిమాట మీద నడచు వైద్యము

నూరురూపాయల విలువచేయు భూమిని విక్రయింపవలెనన్నను మన దేశమున రిజిస్టరు దస్తావేజు కావలయును. ఏడాదికి మించిన కౌలునకు వ్రాత కావలయును. ఆ వ్రాత సబురిజిస్ట్రారు కచ్చేరిలో నమోదు కావలయును. 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టమును, 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టమును విధించిన నియమములివి. కుందుర్పి మెట్టలో నాలుగెకరములు గల రైతు సయితము ఈ సంగతి నెరుగును. అన్నదమ్ములు వేరుపడునపుడు సర్వేనంబరు, హద్దులు, సాక్షుల చేవ్రాళ్లు లేక ఏ పెద్దమనిషియు పంపకమునకు తలయూపడు. భూమివిషయమున ఇంత జాగరూకత గల మనము, మన యింటి గర్భిణికిని, వృద్ధులైన తల్లిదండ్రులకును, పసిబిడ్డలకును ఊరి వైద్యశాలలో అనుదినము జరుగుచున్న చికిత్సను మాత్రము నోటిమాటకు విడిచిపెట్టితిమి. ఆ వైద్యశాలలో మందిచ్చు నర్సునకును, దూరముననుండి ఆమెకు పెద్దదిక్కుగా నున్నాడనబడు డాక్టరునకును నడుమ ఏ పత్రము గలదు? అందేమి వ్రాసియున్నది? అది యెక్కడ నమోదైనది? ఈ ప్రశ్నలను నేడు పాఠకుల యెదుట నుంచదలచితిమి.

కుందుర్పి అనంతపురము జిల్లాలో కర్ణాటక సరిహద్దు నంటియున్న మండలము. పాత దుర్గము గల కొండ, చుట్టును మెట్టనేలలు, ఆ నేలలలో వేరుసెనగ. ఇదియే ఆ సీమ స్వరూపము. జిల్లాకు సాలుకు సగటున పడు వర్షము 550 మిల్లీమీటర్ల ప్రాంతము. ఆ కొంచెమును పైరు కోరిన వేళకు పడదు. పంట పోయిన యేడు పడుచువారు మూటాముల్లె సర్దుకొని బెంగుళూరునకు కూలికి తరలిపోవుదురు. ఇండ్లలో మిగులువారు ముదుసళ్లు, పసివారు, ప్రయాణము చేయజాలని నిండుచూలాండ్రు. అనగా వైద్యుని అవసరము ఎవరికి ఎక్కువగా గలదో వారే ఊర మిగులుచున్నారు. కొంచెము పెద్ద జబ్బయినచో కల్యాణదుర్గమునకు పోవలయును. అచ్చట ప్రభుత్వపు ఆసుపత్రి గలదు. 1969 మొదలు ఈ జిల్లాలో పనిచేయుచున్న రూరల్ డెవలప్‌మెంటు ట్రస్టువారి ఆసుపత్రియు గలదు. అంతకు మించిన వ్యాధియైనచో అనంతపురమే గతి. పగటివేళ, బస్సు దొరకినపుడు, చేత డబ్బున్నపుడు ఈ దారి దూరమనిపింపదు. అర్ధరాత్రమున, నొప్పులు పడుచున్న స్త్రీకి ఈ దారి యెంత దీర్ఘమో ఆమెకే తెలియును.

ఈ దూరమును తగ్గించుటకై ప్రభుత్వములు ఇటీవల చేసిన ఏర్పాటు మెచ్చదగినది. 2018లో కేంద్రప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద దేశమున 1,50,000 ఉపకేంద్రములను, ప్రాథమికారోగ్యకేంద్రములను సంస్కరింప సంకల్పించెను. పూర్వము టీకాలకును, కాన్పు లెక్కలకును పరిమితమైయుండిన ఉపకేంద్రమునకు కమ్యూనిటీ హెల్తు ఆఫీసరను నూతనోద్యోగి వచ్చెను. మన రాష్ట్రమున ఈ ఉద్యోగమును మిడ్‌లెవెల్ హెల్తు ప్రొవైడరు అనియు, ఎం.ఎల్.హెచ్.పి. అనియు వ్యవహరించిరి. వీరు నర్సింగు పట్టభద్రులు, అత్యధికులు స్త్రీలు, ఒప్పందపు పద్ధతిని నియమింపబడినవారు. ఆంధ్రప్రదేశమున 10,032 గ్రామ వైద్యశాలలు ఈ విధముగా ఏర్పరుపబడినవి. ప్రభుత్వము మారినపుడు బోర్డు మీది పేరు మారినది; లోపల కూర్చుండి రక్తపుపోటు చూచు మనిషి మారలేదు. ఉపకేంద్రమున 105 రకముల మందులును, 14 రకముల పరీక్షలును లభింపవలెనని జాతీయ ప్రమాణములు విధించుచున్నవి. మధుమేహము, రక్తపుపోటు, జ్వరములు, గర్భిణుల పరీక్ష, గాయములకు కట్లు మొదలగు పనులన్నియు ఆమె చేతిమీదుగానే జరుగుచున్నవి.

మరి డాక్టరెచ్చట? 2023 ఏప్రిల్ 6వ తేదీన లాంఛనముగా ప్రారంభింపబడిన ఫ్యామిలీ డాక్టరు పథకమున, ప్రాథమికారోగ్యకేంద్రపు డాక్టరు 104 వాహనముతో నెలకు రెండుమార్లు గ్రామవైద్యశాలకు రావలెనని ఏర్పాటు చేసిరి. ఆ ఏర్పాటు తుచ తప్పక జరిగిన యెడలను ముప్పది దినములలో ఇరువదియెనిమిది దినములు డాక్టరు ఊర నుండడు. ఆ దినములలో టెలిఫోనును, 2019 నవంబరులో దేశమున మొదలైన ఇ-సంజీవని యను దూరవైద్యమును ఆధారము. కనుక ఊరివారు "ఈయమ్మే మాకు డాక్టరు" అనుకొనుటలో వింత యేమియు లేదు. వారు చూచునది ఆమెను. వారికి మందిచ్చునది ఆమె. వారి పేరు పెట్టి పిలుచునది ఆమె.

ఇప్పుడొక సందర్భమును ఊహింతము. ఇది ఏ యూరి కథయు గాదు, కాని ఏ యూరనైనను జరుగదగినది. ఎనిమిదవ నెల గర్భిణి తలపోటుతో వైద్యశాలకు వచ్చినది. నర్సు రక్తపుపోటు చూచినది. 160కి 110 ఉన్నది. కండ్లు మసకలు క్రమ్ముచున్నవని ఆ స్త్రీ చెప్పుచున్నది. 108 వాహనమునకు కబురంపిరి. అది వేరొక ఊర నున్నది, వచ్చుటకు జాగగును. ఇంతలో ఆమెకు మూర్ఛ వచ్చి కాలుసేతులు కొట్టుకొనసాగెను. ఇట్టి సమయమున మెగ్నీషియం సల్ఫేటు సూదిమందు మొదటి మోతాదు నిచ్చి పెద్ద ఆసుపత్రికి పంపవలెనని కేంద్రప్రభుత్వపు మార్గదర్శకములే చెప్పుచున్నవి, ఏ.ఎన్.ఎం. సయితము ఆ మొదటి మోతాదు నీయవచ్చునని 2010 నాటి మార్గదర్శకములు అనుమతించినవి. నర్సు ఈ సంగతి చదువుకొన్నది. అయినను ఆమె చేయి ఒక్క క్షణము ఆగును. డాక్టరునకు ఫోను చేయును. ఆయన మరియొక రోగితో నున్నాడు, ఫోనెత్తలేదు. లేక, ఎత్తి "ఇమ్మా" అన్నాడు. ఆ "ఇమ్మా" అను రెండక్షరములకు సాక్షి యెవరు?

ఆ తల్లియు బిడ్డయు బ్రతికినచో ఎవరును ఏమియు అడుగరు. కల్యాణదుర్గపు డాక్టరు మంచి సమయమున పంపితిరని మెచ్చుకొనును, కథ ముగియును. దైవము వక్రించినచో మాత్రము ప్రశ్నలన్నియు ఒక్కమారుగా లేచును. ఎవరు సూది వేయుమన్నారు? నీకేమి అధికారము? నీవు డాక్టరువా? ఊరివారు అడుగుదురు, పైయధికారులు అడుగుదురు, పత్రికలవారమైన మేమును అడుగుదుము. డాక్టరు తాను చెప్పలేదనవచ్చును. చెప్పెనని నర్సు అనవచ్చును. ఇద్దరిలో ఎవరి మాట నిలుచునో చెప్పుటకు శాస్త్రజ్ఞానము అక్కరలేదు. ఇది యెరిగిన నర్సు రెండవమారు అట్టి సందర్భము వచ్చినపుడు సూదిమందు ముట్టక, వాహనమునకై వీథివైపు చూచుచు నిలుచుండును. ఆమెను తప్పుపట్టుట మనకు న్యాయమా? వ్రాతలేని చోట ధైర్యము నేరమగును; భయము నియమపాలన యగును. దాని మూల్యమును చెల్లించునది ఆ చాపమీద పడియున్న స్త్రీ.

చట్టమేమి చెప్పుచున్నదో కూడ విచారింతము. 2019లో పార్లమెంటు చేసిన జాతీయ వైద్యకమీషను చట్టము, నమోదు లేక వైద్యము చేయువారికి ఒక సంవత్సరమువరకు ఖైదునుగాని, అయిదు లక్షల రూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చుననుచున్నది. తాను నమోదు కాని వైద్యపద్ధతిలో మందిచ్చుటయే అజాగ్రత్త యగునని 1996లోనే సుప్రీముకోర్టు ఒక వ్యాజ్యమున తీర్మానించెను. అదే 2019 చట్టమునందలి 32వ సెక్షను మరియొక ద్వారము తెరచినది. ఆధునికవైద్యముతో సంబంధము గలవారికి కమ్యూనిటీ హెల్తు ప్రొవైడరులుగా పరిమితమైన లైసెన్సు నీయవచ్చును. వారి సంఖ్య నమోదైన వైద్యుల సంఖ్యలో మూడవ వంతునకు మించరాదు. ప్రాథమికవైద్యమునను, వ్యాధినివారణమునను నిర్ణీతమైన మందులను వారు స్వయముగా వ్రాయవచ్చును. తక్కిన వానియందు నమోదైన వైద్యుని పర్యవేక్షణముననే వ్రాయవలయును. చూచితిరా, ద్వారము తెరచిన చట్టమే పర్యవేక్షణ మను మాటను గడపగా నిలిపినది. కాని ఆ పర్యవేక్షణము ఏ రూపమున నుండవలెను, ఏ పత్రమున కనబడవలెను అను సంగతి కుందుర్పివంటి ఊరి వైద్యశాలవరకు దిగిరాలేదు. ఉద్యోగము వచ్చినది, మందులు వచ్చినవి, ఆ రెంటిని కలుపు వ్రాత రాలేదు.

చట్టము సరిగా కుదురనిచో మంచి యేర్పాటు సయితము ఎట్లు కూలునో అస్సాము రాష్ట్రమువారి అనుభవము చెప్పుచున్నది. పల్లెలలో వైద్యులు లేనందున ఆ రాష్ట్రము 2004లో ఒక చట్టము చేసి, మూడేండ్ల డిప్లొమాతో గ్రామీణవైద్యులను తయారుచేసెను. వారు ఊళ్లలో పనిచేయుచుండిరి. 2014లో గౌహతి హైకోర్టు ఆ చట్టము చెల్లదనెను. 2023 జనవరిలో సుప్రీముకోర్టు ఆ తీర్పును స్థిరపరచెను. వైద్యవిద్యా ప్రమాణములు నిర్ణయించునది కేంద్రచట్టమే గాని రాష్ట్రచట్టము కాదన్నది దాని సారాంశము. ఆ డిప్లొమావారికి రాష్ట్రము 2015లో మరియొక చట్టము చేసి, కమ్యూనిటీ హెల్తు ఆఫీసర్లుగా పరిమితమైన పని యప్పగించుట మాత్రము నిలిచినది. దీనివలన మనకు తెలియునదేమి? డాక్టరు పీటమీద మరియొకరిని కూర్చుండబెట్టబోయినచో న్యాయస్థానము త్రోసివేయును. పరిమితమైన పనిని, స్పష్టమైన హద్దులతో ఒప్పగించినచో ఒప్పుకొనును. హద్దురాళ్లు పాతుటయే మనము చేయవలసిన పని.

ఇతర దేశములవారు ఈ హద్దురాళ్లను ఎట్లు పాతిరో చూతము. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున లొరెట్టా ఫోర్డను నర్సును, హెన్రీ సిల్వరను శిశువైద్యుడును కలిసి నర్సు ప్రాక్టీషనరను నూతన శిక్షణమును ప్రారంభించిరి. పల్లెలలోను, పేదల పేటలలోను పిల్లలను చూచుటకు వైద్యులు చాలకపోవుటయే దానికి కారణము. పిదప ఆ దేశమున అనేక రాష్ట్రములు ఒక నియమము విధించినవి. నర్సు ప్రాక్టీషనరును, ఆమెకు తోడుగా నిలుచు వైద్యుడును వ్రాతపూర్వకమైన సహకార ఒడంబడికపై సంతకములు చేయవలయును. ఏ జబ్బులను ఆమె తానై చూడవచ్చును, ఏ మందులు వ్రాయవచ్చును, ఎప్పుడు డాక్టరును పిలువవలెను, ఆ డాక్టరు దొరకనిచో మరియెవరిని పిలువవలెను, ఆమె పనిని ఆయన ఎన్నాళ్ల కొకమారు తనిఖీ చేయవలెను అను సంగతులు అందు వివరముగా నుండును. అలబామా రాష్ట్రమున ఈ ఒడంబడికకు నర్సుల బోర్డును, వైద్యుల బోర్డును ఉభయులును సమ్మతింపవలయును. మిస్సౌరీ రాష్ట్రమున నర్సు చూచిన రోగుల కాగితములలో నూటికి పదింటినైనను పదునాలుగు దినముల కొకమారు డాక్టరు చదివితీరవలెను. బ్రిటనువారు వేరొక దారి త్రొక్కిరి. 1992లో చట్టము చేసి శిక్షణము పొందిన నర్సులకు కొన్ని మందులు వ్రాయు హక్కునిచ్చి, అనుభవము పండిన మీదట 2006లో దానిని మిక్కిలి విస్తరింపజేసిరి.

అమెరికా పద్ధతినంతయు యథాతథముగా తెచ్చి మననెత్తిన పెట్టుకొందమని మా యభిప్రాయము కాదు. అందొక చీడయు గలదు. ఒడంబడిక తప్పనిసరియైన చోట్ల కొందరు డాక్టర్లు నర్సుల యొద్ద నెలనెలకు రుసుము పుచ్చుకొని సంతకము మాత్రమే చేయుచు, రోగుల మొగమైన చూడకుండుట అచ్చట పెద్ద ఫిర్యాదైనది. అందుచేతను, నర్సుల పని మంచిదని తేలుటచేతను, ఆ దేశమున సుమారు సగము రాష్ట్రములు ఈ నిర్బంధమును తొలగించినవి. సంతకమునకు ధర కట్టినచో పర్యవేక్షణము చచ్చును. మన గ్రామవైద్యశాలలో నర్సును, డాక్టరును ఇరువురును ప్రభుత్వపు జీతము తినువారే కనుక ఈ చీడ మనకు సోకకుండ ఆపుట సులభము. ఒడంబడికకు రుసుమనునదే లేదని మొదటి పంక్తిలో వ్రాసిన చాలును.

వైద్యసంఘములవారి ఆక్షేపణ వేరు. దానిని తేలికగా త్రోసిపుచ్చరాదు. 2019 చట్టముపై భారతీయ వైద్యసంఘము తీవ్రముగా నిరసన తెలిపి, ఆ యేడు జూలై 31వ తేదీన ఒక దినమెల్ల అత్యవసరము గాని సేవలను నిలుపవలెనని పిలుపునిచ్చెను. వారి వాదము స్పష్టము. పట్టణమువానికి ఎం.బి.బి.ఎస్. డాక్టరును, పల్లెవానికి అరకొర వైద్యమును చూపుట అన్యాయము; డాక్టర్లను పల్లెలకు పంపలేని ప్రభుత్వము తన లోపమును నర్సు కొంగుచాటున దాచుకొనుచున్నది. ఈ మాటలో నిజము లేకపోలేదు. కుందుర్పి రైతు ప్రాణము అనంతపురపు వర్తకుని ప్రాణముకంటె చౌక కాదు. కాని ఈ వాదమును ఒకప్పుడు పూర్తిగా అంగీకరించి నడచి, మన దేశము నేర్చుకొన్న పాఠ మొకటి గలదు.

1943లో నియమింపబడి 1946లో నివేదిక సమర్పించిన సర్ జోసెఫ్ భోరు గారి సంఘము నాటి లెక్కలను చూడుడు. బ్రిటిషిండియాలో నమోదైన వైద్యులు 47,524 మంది. అందు 29,870 మంది లైసెన్షియేట్లు, అనగా వైద్యపాఠశాలలలో తక్కువకాలము చదివి వచ్చినవారు. నర్సులో, 43,000 మంది జనమునకు ఒక్కతె. మన మద్రాసు రాజధానిలో ఎల్.ఎం.పి. అను మూడక్షరములతో తాలూకాలలోను, పెద్ద పల్లెలలోను ఆసుపత్రులు నడిపినవారు ఈ లైసెన్షియేట్లే. దేశమునకు ఒక్కటే తరగతి వైద్యుడుండవలెననియు, అతడు పూర్ణపట్టభద్రుడు కావలెననియు ఆ సంఘమున అధికసంఖ్యాకులు సిఫారసు చేసిరి. ఆదర్శము గొప్పది, లైసెన్షియేటు చదువులు అంతరించెను. కాని పట్టభద్రుడైన డాక్టరు వారు విడిచిన పల్లెకు పోలేదు. ఆ ఖాళీస్థలము ఖాళీగా నుండునా? ఏ చట్టమునకును, ఏ రిజిస్టరునకును ఎక్కని ఆర్.ఎం.పి.లు వచ్చి కూర్చుండిరి. నేడు తెలుగుదేశమున ఏ పల్లెకు పోయినను సూదియు, సెలైను సీసాయు చేతబట్టుకొని తిరుగుచున్నవారు వారే. వారిలో కొందరు దయాళువులు కావచ్చును. కాని వారి చికిత్సకు పూచీపడువారు ఎవరు? పూర్ణవైద్యుడు రాని చోట నమోదైన నర్సును కూడ వలదన్నచో, గెలుచునది పూర్ణవైద్యుడు కాడు, నమోదు లేనివాడు.

పైగా మన నర్సు అరకొర చదువుది కాదు. బి.ఎస్‌సి. నర్సింగు నాలుగేండ్ల చదువు. దానిమీద సమాజారోగ్యమున ప్రత్యేకశిక్షణము. కాన్పుల విషయమున మన పొరుగున తెలంగాణ రాష్ట్రము 2017లో నర్సులకు పదునెనిమిది నెలల మంత్రసానిశిక్షణము కరీంనగరమున ఆరంభించెను. హైదరాబాదులోని ఫెర్నాండెజు సంస్థ అందుకు తోడ్పడెను. 2018 డిసెంబరులో కేంద్రప్రభుత్వము నర్సు ప్రాక్టీషనరు మిడ్‌వైఫులను దేశమంతట తయారుచేయుటకు మార్గదర్శకములు వెలువరించెను. భారత నర్సింగు కౌన్సిలు అత్యవసర చికిత్సావిభాగములకై నర్సు ప్రాక్టీషనరు కోర్సును అంతకు ముందే ఏర్పరచియుండెను. 1947 నాటి నర్సింగు కౌన్సిలు చట్టమునకు బదులుగా 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమీషను చట్టమును చేసి, నర్సుల రిజిస్టరులను గురించి కొత్త నిబంధనలు పెట్టెను. కావున విద్యయు గలదు, మనిషియు గలదు, రిజిస్టరును గలదు. లేనిదెల్ల డాక్టరునకును, నర్సునకును నడుమ ఉండవలసిన వ్రాత.

ఆ వ్రాత యెట్లుండవలెనో మా బుద్ధికి తోచినంతవరకు విన్నవించుచున్నాము. మొదటిది, అందు ఇద్దరి పేరులును, ఇద్దరి రిజిస్ట్రేషను నంబరులును, వైద్యశాల పేరును ఉండవలయును. సంతకములు ఇద్దరివియు ఉండవలయును. రెండవది, నర్సు తానుగా చేయదగిన పనులును, ఇయ్యదగిన మందులును పట్టికగా వ్రాయబడవలయును. మూర్ఛవచ్చిన గర్భిణి, పాముకాటు, గుండెనొప్పి మొదలగు ఆపదలలో డాక్టరు ఫోను నెత్తకపోయినను ఆమె మొదట చేయవలసిన పని యేమో అందే యుండవలయును. అట్లు చేసిన పనికి ఆమెను దండింపరాదని స్పష్టముగా నుండవలయును. మూడవది, డాక్టరు దొరకనిచో పిలువవలసిన రెండవ డాక్టరు పేరు ఉండవలయును. నాలుగవది, ఫోనుమీద చెప్పిన ప్రతి మాటయు గంట, నిమిషములతో పుస్తకమున వ్రాయవలయును; డాక్టరు ఊరికి వచ్చిన నాడు ఆ పుటలు చదివి సంతకము చేయవలయును. అయిదవది, ఒక డాక్టరు ఎందరు నర్సులకు పూచీపడవచ్చునో సంఖ్య నిర్ణయింపబడవలయును. డజనుల కొలది పల్లెలకు ఒక్కడే పూచీయనుట అబద్ధపు పూచీ. ఆరవది, డాక్టరునకు బదిలీ అయిన నాడు పాత ఒడంబడిక తీరి, కొత్త డాక్టరు వచ్చి చేరిన వారములో కొత్తది వ్రాయబడవలయును. ఈ పత్రము జిల్లా వైద్యారోగ్యాధికారి కచ్చేరిలో రిజిస్టరు కావలయును. దాని నకళ్లు రాష్ట్ర వైద్యమండలికిని, నర్సుల మండలికిని పంపవలయును.

ఇది నర్సును డాక్టరునకు దాసిని చేయు పత్రమని కొందరు నర్సులు శంకింపవచ్చును. వారికి మా సమాధానమొకటే. పట్టా లేని కౌలుదారు యజమానికి దాసుడు, పట్టాగలవాడు కాడు. ఇప్పుడామె డాక్టరు ఇష్టమునకును, అధికారి కోపమునకును, ఊరివారి ఆవేశమునకును లోబడియున్నది. హద్దులు వ్రాసియున్నచో ఆ హద్దులలోపల ఆమె స్వతంత్ర. డాక్టరునకును ఇది మేలే. తాను చెప్పని మాటకు తాను పూచీపడనక్కరలేదు. చెప్పిన మాటను కాదనుటకు వీలులేదు. నీతిగల వైద్యునికి ఇంతకంటె కావలసిన రక్షణ యేమున్నది? పదేండ్లు ఈ విధముగా నడచి, పుస్తకములలోని వ్రాతలు ఆమె సామర్థ్యమును రుజువు పరచిననాడు ఆ హద్దులను విశాలము చేయుటయు సులభమగును. బ్రిటనులో పదునాలుగేండ్లకు జరిగినది అదియే.

దీనికి కొత్త భవనములు అక్కరలేదు. కోట్ల రూపాయలును అక్కరలేదు. నడుపవలసిన సభయు సిద్ధముగానే యున్నది. ప్రతి ఉపకేంద్రమునకును జన ఆరోగ్య సమితి యుండవలెనని కేంద్రప్రభుత్వపు మార్గదర్శకములు చెప్పుచున్నవి. దానికి గ్రామసర్పంచి అధ్యక్షుడు. ప్రాథమికారోగ్యకేంద్రపు డాక్టరు సహాధ్యక్షుడు. వైద్యశాల నర్సు కార్యదర్శి. పూచీపడవలసిన ఇద్దరును, సాక్షి కావలసిన మూడవవాడును ఒక్క బల్లచుట్టునే కూర్చుండు సభ యిది. ఆ బల్లమీద ఒక కాగితము పెట్టి సంతకములు చేయుటకు అడ్డమేమి?

ఇచ్చట మా పాఠకులలో భూస్వాములైన వారికి ఒకమాట చెప్పక తప్పదు. మీలో పలువురు కల్యాణదుర్గమునను, అనంతపురమునను, బెంగుళూరునను నివసించుచు భూమిని కుందుర్పి, శెట్టూరు, కంబదూరు పల్లెలలో ఉంచుకొన్నారు. మీకు జబ్బుచేసిన కారెక్కి పెద్ద ఆసుపత్రికి పోగలరు. మీ వేరుసెనగ పెరుకు కూలిస్త్రీకి తేలుకుట్టినచో ఆమె పోవునది ఆ గ్రామవైద్యశాలకే. ఊరు విడిచి రాననిన మీ తల్లియు అచ్చటికే పోవును. గ్రామసభలో రస్తాకును, బోరుబావికిని, పంటబీమాకును మీ గొంతు వినబడుచున్నది. ఈసారి ఆ గొంతుతోనే, మా వైద్యశాల నర్సునకును డాక్టరునకును నడుమ ఒడంబడిక యెక్కడ అని అడుగుడు. లేదన్నచో తీర్మానము వ్రాయించి జిల్లా కచ్చేరికి పంపుడు. పట్టణవాసులైన వకీళ్లు ముసాయిదా వ్రాయుటలో సాయపడవచ్చును; వైద్యులు మందుల పట్టిక సరిచూడవచ్చును.

వ్రాసిన పత్రమును బీరువాలో దాచరాదు. వైద్యశాల గోడకు, మందుల పట్టిక ప్రక్కన, పెద్ద తెలుగక్షరములతో వ్రేలాడదీయవలెను. సరిహద్దు పల్లెలలో కన్నడమునను వ్రాయవలెను. చదువురాని ముసలమ్మకు మనుమడు చదివి వినిపించును: ఈయమ్మ ఈ మందులీయవచ్చును; ఈ జబ్బులకు ఈ డాక్టరును పిలువవలెను; ఆయన రాకున్న ఈయన. అంత మాత్రము తెలిసిన ఊరివారు ఆపదవేళ నర్సుమీదికి చేయెత్తక, ఆమెకు సాయముగా దీపము పట్టుకొని నిలుతురు. రాబోవు గ్రామసభనాటికి ఒక్క కుందుర్పి మండలముననైనను ఈ కాగితము గోడ నెక్కినచో, జిల్లాలోని తక్కిన మండలములు ఆ నకలు తీసుకొని తమ పేరులు వ్రాసికొన్న చాలును. జిల్లా అధికారులు అందుకు వెంటనే ఉత్తరువు లిత్తురు గాక యని కోరుచున్నాము.